అందినకాడికి ఊపిరి

ఆయన పోయాడన్న సంగతి నాకు తెమడ డబ్బీల మధ్య తెలిసింది. టేకులపల్లి దవాఖానాలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ రోజు అంగడి, అంటే వారపు సంత. అడవి పల్లెల నుంచి వచ్చిన ఆశా కార్యకర్త తాను తెచ్చిన డబ్బీలు నా బల్ల మీద పెట్టి, పేర్లు రాయించి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మీ పిల్లంగోవి తాత పోయిండు సార్. ఆదివారం పొద్దున. మట్టి జేసుడు గూడ ఆ దినమే అయిపోయింది" అంది. నాకు కబురు పంపొచ్చు కదా అన్నాను. వాళ్ళ పల్లెలో ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలి, ఆ రోజు గుట్ట ఎక్కే తీరిక ఎవరికుంటుందని తిరిగి నన్నే అడిగింది.

ఆమె వెళ్ళాక నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఊపిరి బిగబట్టి ఎన్ని అంకెల దాకా ఆగగలనో చూసుకున్నాను. ఇరవై మూడు. ఆయన పక్కనుంటే నెత్తిన ఒకటి మొట్టేవాడు. లెక్కపెట్టడం ఆయనకు గిట్టేది కాదు.

ఆయన పేరు మా రిజిస్టర్లో ఉంది. ఇక్కడ రాయను. నేను ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు, తాతా అనే అన్నాను. ఆయన నన్ను డాక్టర్ సారూ అనేవాడు. నేను డాక్టర్ని కాదు, రక్తం తీసేవాణ్ణి మాత్రమే అని పదిసార్లు చెప్పి ఉంటాను. "తెల్లకోటు ఉన్నదా లేదా" అని అడిగేవాడు. ఉన్నదనేవాణ్ణి. మళ్ళీ డాక్టర్ సారూ అనే పిలిచేవాడు.

ముందు నా గొడవ కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన నాకెందుకు అంత కావలసినవాడయ్యాడో తెలియదు. మాది కారేపల్లి. మా చర్చిలో పెద్దవాళ్ళు చాలామందికి చదువు రాదు, పాటల పుస్తకం పట్టుకోరు. ముందు నిలబడ్డ మనిషి ఒక్కొక్క చరణం అందిస్తే, వెనక అందరూ దాన్ని అందుకుని పాడతారు. పద్దెనిమిదేళ్ళు ఆ అందించే పని నాది. గొంతు గొప్పదేం కాదు గానీ ఊపిరి పొడుగు. ఎంత పెద్ద చరణమైనా గుక్క తిప్పుకోకుండా చివరిదాకా లాక్కెళ్ళేవాణ్ణి. దాని మీద నాకు లోపల్లోపల గర్వం ఉండేది. దేవుడి ముందు ఒప్పుకోవలసిన పాపాల్లో అదొకటి, ఎన్నడూ ఒప్పుకోలేదు.

కిందటేడు వానాకాలం మొదట్లో న్యుమోనియా వచ్చి ఖమ్మంలో పదకొండు రోజులు మంచం మీద ఉన్నాను. ఇంటికొచ్చాక మొదటి ఆదివారమే పట్టుదలకు పోయి ముందుకెళ్ళి నిలబడ్డాను. చరణం సగంలో ఊపిరి తెగింది. దగ్గు ముంచుకొచ్చింది. అందరూ నోళ్ళు మూసుకుని నేను తేరుకోవాలని చూస్తూ ఉండిపోయారు. ఆ చూపులు నాకు న్యుమోనియా కంటే బాధనిపించాయి. చివరికి కీబోర్డు వాయించే ఆయన పాట అందుకుని నడిపించాడు, మరుసటి వారం నుంచి ఆ పని ఆయనదే అయింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. స్కూటీ మీద ఇంటికెళ్తూ ఏడ్చానని మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

ఖమ్మం డాక్టరు మూడు గోళీల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. గొట్టంతో గాలి పీలిస్తే గోళీలు లేవాలి. రెండు లేచేవి, మూడోది కదిలేది కాదు. విసుగొచ్చి ఒక పెద్ద పిల్లనగ్రోవి కొన్నాను. పాడలేకపోతే కనీసం క్రిస్మస్‌కు ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించి, నా ఊపిరి నాకు తిరిగొచ్చిందని అందరికీ చూపించాలి. నాకు కావలసింది అదొక్కటే. మా అయ్యగారితో, అంటే పాస్టరు గారితో, ఆ మాట ఇచ్చేశాను కూడా.

ఫోన్‌లో పాఠాలు చూస్తూ పదిహేను రోజులు ఊదాను. కళ్ళు తిరిగేవి. కుడిచేతి చిటికెన వేలు కొయ్యబారిపోయేది. మెడ పట్టేసి, సూది గుచ్చేటప్పుడు కూడా తల ఒక పక్కకు వంచి ఉండేవాణ్ణి. పేషెంట్లు భయపడేవాళ్ళు.

ఒక అంగడి రోజు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ల్యాబ్ వెనక వరండాలో ఆ కుస్తీలో ఉండగా చూశాను. కొంచెం దూరంలో, తడకలూ గంపలూ అమ్మడానికి వచ్చిన ముసలాయన ఒకరు గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బీపీ మాత్రలకు వచ్చి మా చల్లటి గచ్చు మీద నడుం వాల్చి వెళ్తుంటాడని తెలుసు గానీ ఎన్నడూ మాట్లాడలేదు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"గా కట్టె ఎవలి చెయ్యికి చేసిన్రు సారూ?"

ఎవరి చేతికీ కాదు, షాపులో కొన్నానన్నాను. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని వేళ్ళు చాపించి చూశాడు. జ్యోతిష్యం చెబుతాడేమో అనుకున్నాను. "అంగి పక్కోనిది, వేసుకున్నది నువ్వు" అని, తన బొటనవేలితో నా వేళ్ళ ఎడం కొలుచుకుని వెళ్ళిపోయాడు. మరుసటి అంగడికి సన్నటి వెదురుతో ఒక పిల్లనగ్రోవి తెచ్చిచ్చాడు. బొమ్మలా ఉంది. రంధ్రాలు కొంచెం వంకరగా, నా వేళ్ళు మామూలుగా ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడే ఉన్నాయి. చిటికెన వేలు నొప్పి ఆ రోజుతో పోయింది. పదిహేను రోజులుగా తప్పు నా వేలిదనుకుని దాన్నే తిట్టుకున్నాను.

అది చేతికిచ్చి, వారం దాకా ఊదొద్దన్నాడు. మరేం చెయ్యాలి అంటే, పట్టుకుని తిరగమన్నాడు. బువ్వ తిన్నాక, టీవీ చూసేటప్పుడు, ఊరికే భుజం దగ్గర పెట్టుకుని ఉండాలట. "కొత్త కోడలుకు వచ్చినరోజే పని చెప్తరా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ చేశాను. నాలుగో రోజుకు నా భుజాలు చెవుల దగ్గర నుంచి కిందకి దిగాయి. అవి అంత పైన ఉన్నాయని నాకు అంతకుముందు తెలియదు.

తర్వాతి వారం ఊదమన్నాడు. ఊదాను. "పొయ్యి ఊదుతున్నవ్" అన్నాడు. ఇంకోసారి ఊదాను. "ఇంకా పొయ్యే." కట్టెల పొయ్యి మీద వండే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు గొట్టం కనిపిస్తే చాలు, బుగ్గలు ఉబ్బించి నిప్పు రగిలించడం ఒక్కటే తెలుసు. మా అమ్మ పక్కన కూర్చుని నేను చేసిన పని అదే. ఆ గాలితో తల తిరగక ఏమవుతుంది. "పిల్లకు కంట్ల నలక వడితే ఎట్ల ఊదుతవ్" అని అడిగాడు. చూపించాను. "గట్ల. ఆ పిల్లకు నొప్పి కావొద్దు, నలక పోవాలె." ఆ రోజు మొదటిసారి జీర లేకుండా, సన్నగా, ఒక స్వరం పలికింది.

ఇంకొక పాఠంలో నన్ను బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, పిల్లనగ్రోవిని పొట్ట మీద అడ్డంగా పెట్టాడు. కట్టె లేవాలి, దిగాలి, దొర్లి పడకూడదు. ఛాతీ కదిలితే ఒప్పుకునేవాడు కాదు. కళ్ళు మూసుకుని నేను ఆ పనిలో ఉండగా స్టాఫ్ నర్సు అటుగా వచ్చి, పొట్ట మీద కట్టెతో కదలకుండా పడున్న నన్నూ, పక్కన గొంతుక్కూర్చుని నా పొట్టనే చూస్తున్న ముసలాయన్నూ చూసి, మంత్రం వేయించుకుంటున్నాననుకుంది. అయ్యగారి దాకా వెళ్ళింది ఆ కబురు. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ ఆదివారం వాక్యం సోదెగాళ్ళ మీద చెప్పాడు.

తాత వాయించడం మాత్రం నాకు అంతుపట్టేది కాదు. ఒక ఊపిరికి సరిపడా వాయించేవాడు, అంతే. పిల్లనగ్రోవి ఒళ్ళో పెట్టుకుని, ఎంతసేపు వాయించాడో అంతసేపు ఊరికే కూర్చునేవాడు. మళ్ళీ ఒక ఊపిరి. నేను దొంగచాటుగా ఫోన్‌లో కొలిచాను. వాయించిందీ, ఆగిందీ దాదాపు సమానం. అది చూసి ఆయన ఫోను తీసుకుని బోర్లా పెట్టాడు. అలిసేదాకా ఎందుకు వాయించవని అడిగితే, "అలిసినంక ఊదితే చెయ్యి అలసటనే నేర్చుకుంటది సారూ. ఇంకా ఊదబుద్ధి ఉండంగనే ఇడిసిపెట్టాలె. అందినకాడికి ఊదు" అన్నాడు. చివరి చుక్క దాకా పిండకుండా, ఇంకొంచెం గాలి మిగిలి ఉండగానే ఆపాలి. ఆపడం కూడా తెంపినట్టు కాదు, గిన్నె కింద పెట్టినట్టు ఆపాలి. ఈ ఒక్క సంగతి మీద నన్ను నెల రోజులు సతాయించాడు. నాకేమో ఆగకుండా వాయించడం కావాలి, ఆయనేమో ఆగడం నేర్పుతున్నాడు.

ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు. ఒకసారి మేకల దగ్గర అన్నాడు. ఇంకోసారి మా అత్త దగ్గర అన్నాడు. తునికాకు కోసేటప్పుడు ఒక ఎలుగుబంటి నేర్పిందని మరోసారి. అబద్ధం చెప్పేటప్పుడు జేబులోంచి కరక్కాయ ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవాడు, ఇక నోరు తెరవకుండా ఉండటానికి అదొక సాకు. నాకు కుతూహలం ఎక్కువ. రక్తపు చుక్కలో ఏముందో చూడనిదే నిద్ర పట్టని మనిషిని. ఈయన మాత్రం నా సూక్ష్మదర్శిని కిందికి రాలేదు.

వానలు వెనక్కి మళ్ళే రోజుల్లో జ్వరం, దగ్గుతో వచ్చాడు. మెట్లెక్కి వచ్చి మాట్లాడలేక చేత్తో సైగ చేశాడు. తెమడ పరీక్ష నేనే చేశాను. టీబీ క్రిములు లేవు, దేవునికి స్తోత్రం అనుకున్నాను. అయినా మా డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని కొత్తగూడెం పంపి ఎక్స్‌రే తీయించింది. ఫిల్ము వచ్చాక కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి, నన్ను పిలిచి చూపించింది. కుడి పక్క మామూలుగా నల్లగా ఉంది. ఎడమ పక్క మొత్తం తెల్లగా, ముడుచుకుపోయి ఉంది. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది, ఆ పక్క ఊపిరితిత్తి చచ్చుబడి ఏళ్ళయిందని చెప్పింది.

నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మూడు నెలలుగా ఈ మనిషి ముందు కూర్చుని నా ఊపిరి అందడం లేదు, నా మూడో గోళీ లేవడం లేదు అని ఏడ్చాను. ఛాతీ జబ్బులు పట్టడం నా ఉద్యోగం. ఆయన ఎందుకు వెల్లకిలా పడుకునేవాడో, ఎందుకు ఒక్క ఊపిరికి ఆగేవాడో నాకు తట్టనే లేదు. అదంతా ఏదో విద్య అనుకున్నాను. నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"ఒక దిక్కు దుకాణం బందై ఇరవై ఏండ్లాయె" అన్నాడు తాపీగా. "నువ్వడగలే. నువ్వు నీ ఊపిరి ముచ్చటే అడిగినవ్."

సిగ్గుపడ్డాను. ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

జ్వరం తగ్గి ఆయన ఇంటికెళ్ళాక నేను ఆయన చెప్పినట్టే చేశాను. పొద్దున్నే కొంచెం వాయించి, అంతసేపు ఊరికే కూర్చుని, మళ్ళీ కొంచెం. ఫోను బీరువాలో పెట్టేవాణ్ణి. డిసెంబరు నాటికి మెడ నొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, అరగంట సేపు హాయిగా కూర్చోగలిగేవాణ్ణి. కానీ నా పాట మాత్రం ఏకబిగిన రాలేదు. ప్రతి చరణం మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకోక తప్పేది కాదు. ఎన్ని రకాలుగా దాచినా అది బయటపడేది.

పండుగకు ఆయన్ను పిలిచాను. "మీ దేవుడు ఏమనడా" అన్నాడు. మీ వేల్పు ఏమంటాడని అడిగాను. "అన్నం వెడితే మా వేల్పు ఏమనడు" అన్నాడు. క్రిస్మస్ పొద్దున ఉతికిన అంగీ తొడుక్కుని, బస్సు దిగి వచ్చి, వెనక చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అయ్యగారు నా పేరు చెప్పి, ఫలానా సహోదరుడు వేణువు మీద పాట వినిపిస్తాడు, అందరూ నెమ్మదిగా వినండి అన్నాడు. లేచి ముందుకెళ్ళాను. మొదటి చరణం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి గాలి అయిపోతున్నట్టు తెలిసింది. అంతకుముందు నేనైతే పళ్ళు బిగబట్టి లాగేవాణ్ణి, తెగేవాణ్ణి, దగ్గేవాణ్ణి. ఆ నెల రోజుల సతాయింపు చేతుల్లోకి దిగినట్టుంది, స్వరాన్ని మెల్లగా కింద పెట్టి పిల్లనగ్రోవి దించేశాను. ఇంక అందరి ముందూ ఊపిరి పీల్చుకోవాలి. చచ్చినంత సిగ్గుతో నేలకేసి చూశాను.

సరిగ్గా అప్పుడు జనంలోంచి పాట వచ్చింది. ముందు ముసలమ్మలు, ఆ తర్వాత అందరూ. నేను వాయించిన సగం చరణాన్ని మాటలతో పాడేశారు. పద్దెనిమిదేళ్ళ అలవాటు వాళ్ళకది. ముందున్న మనిషి చక్కగా ఆగాడంటే తమ వంతు వచ్చిందని లెక్క. వినండి అని అయ్యగారు చెప్పిన మాట ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వాళ్ళు పాడినంతసేపు నేను తీరిగ్గా, పొట్ట నిండా ఊపిరి తీసుకున్నాను. వాళ్ళు ఆపగానే మిగిలిన సగం వాయించి ఆపాను. అదీ అందుకున్నారు. పాట చివరిదాకా అట్లాగే సాగింది. నేను అనుకున్న పాటకు రెండింతల సేపు పట్టింది.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. జాలిపడి పాడారేమో అని అనుమానం. బయటికి రాగానే అయ్యగారిని పక్కకు పిలిచి అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, "జాలి ఏంది బ్రదర్. నువ్వు అందించినవ్ గదా, అందుకున్నం" అని వడ్డన చూడటానికి వెళ్ళిపోయాడు.

షామియానా కింద తాత పక్కన కూర్చుని తిన్నాను. ఆయన రెండుసార్లు బిర్యానీ వేయించుకున్నాడు. పాట ఆగకుండా వాయించలేకపోయాను తాతా అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు, ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"నువ్వు ఆగంగనే వాళ్లు పాడిన్రు. ముందుగాల మాట్లాడుకున్నరా?"

లేదన్నాను. ఎవరూ అనుకోలేదు, అదే జరిగిపోయిందన్నాను.

విస్తరిలో కలుపుతున్న చెయ్యి ఆపాడు. అప్పుడు చెప్పాడు, మేకలూ అత్తా ఎలుగుబంటీ లేకుండా, నేను అడగకుండానే. వయసులో ఉన్నప్పుడు జొన్న చేలో మంచె మీద కాపలా ఉండేవాడట. పొద్దున నుంచి పొద్దుగూకేదాకా అరిస్తే గొంతు పోతుంది, అందుకని పిల్లనగ్రోవి పట్టాడు. చేను చివర టేకు చెట్ల మీద చిలుకలు బారులు తీరి కూర్చుని, చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని ఉండేవట. ఆగకుండా ఊదడంలో ఆ చుట్టుపక్కల తనంతటివాడు లేడన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట, ఛాతీ జబ్బు తగ్గి లేచిన ఏడు, మంచె మీద ఆయన ఒక్కో ఊపిరికి ఆగవలసి వచ్చింది.

"నేను ఆగంగనే చిలుకలు దిగేటియి సారూ. ఆ యేడు ఒక్క కంకి మిగల్లే. ఇంట్ల అందరం గంజి తాగి బతికినం. ఆగుడంటే అప్పటిసంది నాకు బుగులే." చర్చి తలుపులోంచి ముందు వరస వైపు, అక్కడ ఇంకా చాపలు చుడుతున్న ముసలమ్మల వైపు చూశాడు. "ఆగితే మనుషులు అందుకుంటరని నాకు గిప్పుడే ఎరుకైంది."